తలుపు దగ్గర ఇటుక: కోల్డ్ రూమ్ వాడకం మీద ఒక మెకానిక్ మాటలు

(విజయవాడలో హోటళ్ళు, కేటరింగ్, కర్రీ పాయింట్లు నడిపేవాళ్ళు కొంతమంది కూర్చున్నప్పుడు ఒక రిఫ్రిజిరేషన్ మెకానిక్ మాట్లాడింది ఇది. ఫోన్‌లో రికార్డ్ చేసి టైప్ చేశాం, మాటలు పెద్దగా దిద్దలేదు.)

అందరికీ నమస్కారమండీ. మైక్ పట్టుకోవడం నాకు అలవాటు లేదు, నా చేతిలో ఎప్పుడూ గేజ్ సెట్టో స్పానరో ఉంటది, కాబట్టి తడబడితే ఏమనుకోకండి. కోల్డ్ రూమ్ గురించి చెప్పమన్నారు. మీలో సగం మంది ఇళ్ళలో ఫంక్షన్లకి వచ్చానో లేదో గానీ మీ కిచెన్ల వెనక్కి మాత్రం వచ్చుంటాను (నవ్వులు).

ముందు ఒక సంగతి చెప్తా. మొన్నామధ్య రోహిణి కార్తెలో, ఎండ మాడిపోతా ఉంది, ఒక బిర్యానీ హోటల్ ఓనర్ గారు ఫోన్ చేశారు, చిల్లర్, అంటే గడ్డకట్టకుండా చల్లగా మాత్రం ఉంచే కోల్డ్ రూమ్, 12 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది దిగట్లేదు, గ్యాస్ అయిపోయినట్టుంది సిలిండర్ తీసుకుని రా అని. వెళ్ళా. గేజ్‌లు పెట్టి చూస్తే ప్రెషర్లు బానే ఉన్నాయి, సైట్ గ్లాస్‌లో, అంటే గ్యాస్ పైపుకుండే చిన్న అద్దం కిటికీలో, బుడగలు లేవు, కాయిల్ బానే ఉంది, కంప్రెసర్ పాపం ఆగకుండా తిరుగుతానే ఉంది. మరి ఎందుకు దిగట్లేదు? నేనేం చేశానంటే, ఒక పాల క్రేట్ బోర్లేసుకుని కిచెన్‌లో ఓ మూల కూర్చున్నా, పదకొండు నుంచి పన్నెండు దాకా. ఆ గంటలో తలుపు తీసింది లెక్కపెట్టలేక వదిలేశానండీ. కుర్రాడు వచ్చి పెరుగు తీసుకెళ్తాడు, వెంటనే ఇంకోడు కొత్తిమీరకి, ఆ వెంటనే మాస్టర్ అరుస్తాడు పనీర్ పనీర్ అని. చివరికి వాళ్ళకీ విసుగొచ్చి తలుపు కింద ఒక ఇటుక పెట్టారు. ఆ ఇటుక నేను తీసి చూశా, కింద వైపు పచ్చగా పాకుడు పట్టి ఉంది. అంటే అది ఆ రోజు పెట్టింది కాదు, అది ఆ తలుపులో ఒక పార్ట్ అయిపోయింది.

గ్యాస్ కొట్టలేదు, విజిటింగ్ ఛార్జీ తీసుకుని వచ్చేశా. ఓనర్ గారికి కోపం, ఏమీ చెయ్యకుండానే డబ్బులా అని. ఇటుక తీశాను కదండీ అన్నా.

ఇప్పుడు అసలు విషయం ఏంటంటే, మనం అందరం మెషీన్ చల్లదనం తయారుచేస్తది అనుకుంటాం. చల్లదనం అని వేరే వస్తువేం లేదండీ. లోపల ఉన్న వేడిని ఎత్తుకుని బయట పడేస్తది, అంతే దాని పని. మార్కెట్ యార్డులో హమాలీ లేడూ, మూట లోపల్నుంచి లారీ దాకా మోస్తాడు, అట్లాంటిదే. లోపల కాయిల్ దగ్గర మూట ఎత్తుకుంటది, బయట మేడ మీదున్న అవుట్‌డోర్ దగ్గర దించుతది. హమాలీకి మూటకింత అని ఇస్తాం, దీనికి యూనిట్‌కింత అని ఇస్తాం. మూటలు లోపలికి పంపేది మాత్రం మనమే. తలుపు తీస్తే ఒక మూట, వేడి గిన్నె పెడితే ఒక మూట, లోపల లైట్ వదిలేస్తే ఒక మూట, మనిషి లోపల నిలబడి ఫోన్ మాట్లాడితే అదీ మూటే, మనిషి ఒంట్లోంచి చల్లటి గదిలో దాదాపు 250 వాట్ల వేడి వస్తది.

టన్ను టన్ను అంటాం కదా, ఒకటిన్నర టన్ను మెషీన్ అని, అది మెషీన్ బరువు కాదండీ, చాలామంది అడుగుతారు. వెనకటికి ఐస్ దిమ్మలతోనే చల్లబెట్టేవాళ్ళు. 2,000 పౌండ్ల ఐస్ 24 గంటల్లో కరిగితే ఎంత వేడి లాగుతదో అంత వేడి లాగే మెషీన్‌ని ఒక టన్ను అన్నారు, మన లెక్కలో మూడున్నర కిలోవాట్లు. చూడండి, ఆ పేరులోనే వేడి లాగడం ఉంది.

సరే తలుపు దగ్గరికి వద్దాం. మీ దగ్గర మామూలుగా ఉండేది ఎనిమిది బై పది, ఎనిమిది అడుగుల ఎత్తు గది. అందులో గాలి బరువు ఇరవై కిలోల పైమాటే. తలుపు వదిలేస్తే కింద నుంచి చల్లగాలి కాళ్ళ మీదగా బయటికి పారిపోద్ది, మీరు గమనించే ఉంటారు చెప్పుల్లో జివ్వుమంటది, పైనుంచి వేడి గాలి లోపలికి తోసుకొస్తది. రెండు మూడు నిమిషాలు చాలు గదిలో గాలి దాదాపు మారిపోద్ది. ఇప్పుడు బయట 38 డిగ్రీలు ఉండి గాల్లో తేమ సగం ఉందనుకోండి, మన విజయవాడకి అది మామూలే, ఆ గాలి ఒక్కసారి మొత్తం మారితే పావు లీటరు పైన నీళ్ళు గదిలోకి వచ్చినట్టు. గాల్లో కలిసి వస్తది కాబట్టి కళ్ళకి కనపడదు. ఆ నీళ్ళు పోయి కాయిల్ మీద పడతాయి. గాలి వేడి కంటే ఆ తేమని నీళ్ళు చెయ్యడానికే మెషీన్‌కి ఎక్కువ కష్టం. అందుకే అదే మెషీన్ అనంతపురంలో ఒకలాగా మచిలీపట్నంలో ఇంకోలాగా పనిచేస్తది, వేడి ఒకటే అయినా ఉక్క తేడా.

స్ట్రిప్ కర్టెన్, అంటే తలుపు దగ్గర వేలాడే ప్లాస్టిక్ పట్టీల తెర, పెట్టించండి అంటే అందరూ పెట్టిస్తారండీ, వారం తర్వాత వెళ్తే వాటిని రెండు పక్కలకీ జడలేసినట్టు కట్టేసి ఉంటాయి (నవ్వులు). మొహానికి తగులుతున్నాయంట, జిడ్డుగా ఉన్నాయంట. నిజమే, జిడ్డుగా ఉంటే ఎవరికైనా అసహ్యమే, కాబట్టి వారానికోసారి గోరువెచ్చటి సబ్బు నీళ్ళతో తుడిపించండి, పసుపు రంగు తిరిగి గట్టిపడి వంకర్లు పోయినవి మార్చండి, ఒక్కో పట్టీ పక్క పట్టీ మీదికి కొంచెం ఎక్కి ఉండాలి, సందు ఉంటే ఇక అది కర్టెన్ కాదు.

నేను ఆ బిర్యానీ హోటల్లో ఇంకో చిన్న పని చేయించా. రష్ టైమ్‌కి ముందు ఒక్కసారి లోపలికెళ్ళి రెండు గంటలకి సరిపడా పెరుగు, పనీర్, కొత్తిమీర, నిమ్మకాయలు తెచ్చి వంట గట్టు పక్కనున్న చిన్న అండర్ కౌంటర్ ఫ్రిజ్‌లో పెట్టమన్నా. అది వాళ్ళ దగ్గర ఎప్పట్నుంచో ఉంది, అందులో కూల్ డ్రింకులు పెట్టుకుంటున్నారు. లోపల కూడా రోజూ వాడేవి తలుపు పక్కనే పెట్టి, వారానికోసారి తీసేవి వెనక్కి నెట్టమన్నా. వెనక రాక్‌లో ఉన్న కొత్తిమీర కట్ట వెతకడానికి కుర్రాడికి రెండు నిమిషాలు పడ్తది, ఆ రెండు నిమిషాలూ తలుపు తెరిచే ఉంటది, ఎందుకంటే లోపల చీకటని వాడికి భయం. ఒక ఎల్ఈడీ లైటు పెట్టించి మనిషి లోపల ఉన్నంతసేపూ వెలిగేటట్టు చేస్తే ఆ భయం పోద్ది.

ఇప్పుడు సాంబారు. ఇక్కడ కేటరింగ్ వాళ్ళు ఎక్కువమంది ఉన్నారు, తప్పుగా అనుకోకండి, మీరందరూ చేసేదే. రాత్రి మిగిలిన సాంబారు యాభై లీటర్ల డేక్షా, పొయ్యి మీంచి దించిందే చాలు ఇద్దరు పట్టుకుని తెచ్చి కోల్డ్ రూమ్‌లో పెడతారు. లెక్క చెప్తా. 90 డిగ్రీల మీదున్న యాభై లీటర్లు 5 డిగ్రీలకి దింపాలంటే దాదాపు 5 యూనిట్లంత వేడి బయటికి మొయ్యాలి, ఎండాకాలం మెషీన్ బాగుంటే ఆ మోతకి రెండున్నర యూనిట్ల కరెంటు అవుద్ది, ఒక్క డేక్షాకి. కరెంటు పోతే పోయింది, దాని ఆవిరి అంతా పోయి కాయిల్ మీద ఐస్ కడ్తది, పక్కన పెరుగు బకెట్ వేడెక్కుద్ది, పైగా ఆ డేక్షా మధ్యలో సాంబారు పొద్దున్నకి కూడా గోరువెచ్చగానే ఉంటది. వేలు పెట్టి చూడండి కావాలంటే, వద్దులెండి వేలు పెట్టకండి, థర్మామీటర్ పెట్టండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే మన దేశంలో తిండి భద్రత చూసే సంస్థ, వాళ్ళు చెప్పేది చల్లగా ఉంచేది 5 డిగ్రీలు లేదా ఆ లోపు, వేడిగా ఉంచేది 60 పైన. ఆ మధ్యలో ఎంతసేపు ఉంటే అంత పురుగు పెరుగుద్ది, అంటే కంటికి కనపడని పురుగు.

అట్లాగని రాత్రంతా బయట వదిలెయ్యమనట్లేదు, అది ఇంకా ప్రమాదం. డేక్షాలోంచి లోతు తక్కువ ఉన్న స్టీల్ ట్రేల్లోకి రెండు మూడు అంగుళాల మందాన పోసి, ఆ ట్రేల్ని ఐస్ నీళ్ళున్న తొట్టిలో పెట్టి గరిటెతో తిప్పుతూ ఉంటే చాలా తొందరగా దిగుద్ది. రెండు గంటల్లో 60 నుంచి 21కి రావాలి, ఇంకో నాలుగు గంటల్లో 5కి రావాలి, అది లెక్క. వేడి పోయాక మూత పెట్టి లోపల పెట్టండి. మూత మాత్రం మర్చిపోవద్దు. మూత లేని సాంబారు రాత్రంతా ఆవిరి వదుల్తానే ఉంటది. ఇడ్లీ పిండి కూడా అంతే, మూత లేకపోతే పైన పెచ్చు కడ్తది, ఆ పులుపు వాసన పనీర్‌కి పడ్తది, తర్వాత పనీర్ వాడిని తిడతారు.

సర్దుకోవడం గురించి పెద్దగా చెప్పను, రెండే మాటలు. గోడకీ సరుకుకీ మధ్య చెయ్యి దూరేంత సందు ఉండాలి, ఇండోర్ ఫ్యాన్ ముందర అట్టపెట్టెలు పేర్చకూడదు. ఫ్యాన్ గాలి ఎదురు గోడ దాకా వెళ్ళి కిందగా తిరిగి రావాలి. మీరు సీలింగ్ దాకా పేరిస్తే గాలి పెట్టెకి కొట్టుకుని అక్కడే తిరిగి కాయిల్లోకి పోద్ది, డిస్‌ప్లే మీద 3 చూపిస్తది, మూల రాక్‌లో చికెన్ 9లో ఉంటది. డిస్‌ప్లే చూపించేది దాని సెన్సార్ దగ్గర గాలి మాత్రమే. ఒక చిన్న సీసాలో నీళ్ళు పోసి అందులో థర్మామీటర్ ముంచి తలుపు పక్క రాక్‌లో పెట్టుకోండి, సరుకు ఎంతలో ఉందో అది చెప్తది, తలుపు తీసినప్పుడల్లా ఎగిరి దూకదు. పచ్చి మాంసం ఎప్పుడూ కింది రాక్‌లోనే, రక్తం నీళ్ళు కారి కింద సలాడ్ మీద పడ్డవి నేను కళ్ళారా చూశా.

ఇంకోటి, వేడిగా ఉంది కదా అని సెట్టింగ్ తగ్గించెయ్యడం. చిల్లర్ 4లో పెట్టాల్సింది 0కి తిప్పేస్తారు, ఫ్రీజర్ మైనస్ 18 చాలు, మైనస్ 24 పెడతారు, ఎక్కువ చలి ఎక్కువ మంచిది అని. మెషీన్ దిగే వేగం అదేం పెరగదండీ, స్కూటర్ సైడ్ స్టాండ్ మీదుంటే యాక్సిలరేటర్ తిప్పినట్టు. కానీ కంప్రెసర్ ఆగదు. కిందకి దించే ఒక్కో డిగ్రీకి కరెంటు సుమారు రెండు మూడు శాతం ఎక్కువ లాగుద్ది, ఆరు డిగ్రీలంటే మీరే వేసుకోండి.

ఫ్రీజర్ అన్నది గడ్డకట్టిన సరుకుని గడ్డకట్టినట్టే ఉంచడానికి కట్టింది, గడ్డకట్టించడానికి కాదు. సున్నా డిగ్రీల నీళ్ళని సున్నా డిగ్రీల ఐస్ చెయ్యడానికి తియ్యాల్సిన వేడి, అవే నీళ్ళని 80 డిగ్రీల నుంచి సున్నాకి దించడానికి తీసేంత ఉంటది. చికెన్‌లో రొయ్యల్లో ఎక్కువ భాగం నీళ్ళే. ఆదివారం పొద్దున వంద కిలోల తాజా చికెన్ తెచ్చి ఫ్రీజర్‌లో గుట్టగా పోస్తే దానికి రెండు రోజులు పడ్తది, ఈ లోపు పాత సరుకు మెత్తబడ్తది. దానికి బ్లాస్ట్ ఫ్రీజర్ అని, తొందరగా గడ్డకట్టించేది వేరే ఉంటది, లేదంటే గడ్డకట్టిందే కొనండి.

ఐస్ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కాయిల్ మీద ఐస్ కడితే చల్లగా ఉన్నట్టే కదా అంటారు కొంతమంది. ఐస్ దుప్పటి అండీ. కాయిల్‌కి దుప్పటి కప్పినట్టు. గాలి పోదు, వేడి లాగదు. చిల్లర్‌లో అయితే గది సున్నా పైన ఉంటది కాబట్టి కంప్రెసర్ ఆగినప్పుడు ఫ్యాన్ తిరుగుతూ ఉంటే ఐస్ దానంతటదే కరిగిపోద్ది. ఫ్రీజర్‌లో కరగదు, దానికి హీటర్లు ఉంటాయి, రోజుకి మూడు నాలుగు సార్లు కాసేపు వెలిగి కరిగిస్తాయి. ఇక్కడ ఒక తమాషా ఉంది. పాత మెషీన్లలో ఆ హీటర్లని వెలిగించే డీఫ్రాస్ట్ టైమర్ గడియారంలాగా తిరుగుద్ది, కరెంటు పోతే అదీ ఆగిపోద్ది. రోజూ గంట కరెంటు పోయిందనుకోండి, పన్నెండు రోజులకి రాత్రి ఒంటిగంటకి పెట్టింది మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చి కూర్చుంటది, సరిగ్గా రష్‌లో హీటర్లు ఆన్. ఓనర్ అంటాడు మధ్యాహ్నం అయితే మెషీన్‌కి దెయ్యం పడుతోందని. దెయ్యం కాదు టైమర్. టైమర్ పక్కన ఒక చీటీ అంటించి తరచూ టైమ్ సరిచెయ్యండి.

అన్నిటికంటే పెద్ద పాపం ఏంటంటే ఐస్‌ని కత్తితో స్క్రూడ్రైవర్‌తో పొడవడం. ఒక చోట కుర్రాడు కొబ్బరి బొండాల కత్తితో కొట్టాడు. బుస్సుమని సౌండ్ వచ్చింది, ఐస్ విరిగిందనుకున్నాడు, కాయిల్ పైపుకి చిల్లు పడింది. నాలుగు కిలోల గ్యాస్ పది నిమిషాల్లో గాల్లో కలిసిపోయింది. నీళ్ళు పోసి కరిగించండి, లేదా తలుపు తీసి ఫ్యాన్ పెట్టండి, పొడవకండి.

ఇప్పుడు గ్యాస్. మా వాళ్ళనే తిడతా, నన్ను తిట్టుకున్నట్టే. ప్రతి మూడు నెలలకీ గ్యాస్ కొట్టే మెకానిక్‌ని మీరు మంచోడు అంటారు, పిలిస్తే వస్తాడని. గ్యాస్ పెట్రోల్ కాదండీ అయిపోవడానికి, అది ఎన్నేళ్ళయినా అందులోనే తిరగాలి. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు ఉన్న చోట మామూలుగా ఆయిల్ జిడ్డు ఉంటది, దుమ్ము అంటుకుని నల్లగా, సబ్బు నురగ పెడితే బుడగ వస్తది. అక్కడ బ్రేజింగ్ చేసి, అంటే లోహం కరిగించి అతికి, నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి నిలబడిందో లేదో చూసి, పైపులో తేమ పీల్చే డ్రయర్ మార్చి, పంప్ పెట్టి వాక్యూమ్ లాగి, అప్పుడు తూకం వేసి గ్యాస్ ఎక్కించాలి. సగం రోజు పని. అరగంటలో అయిపోయింది అన్నాడంటే ఏదో ఒకటి మింగేశాడు.

ఈ గ్యాస్ సంగతి ఇంకోటి కూడా ఉంది. పాత మెషీన్లలో ఆర్ 22 అనే గ్యాస్ ఉంటది, అది ఓజోన్ పొరని తింటది, మాంట్రియల్ ఒప్పందం కింద మన దేశం 2030కల్లా దాన్ని తగ్గించుకుంటూ వచ్చి ఆపాలి. కాబట్టి ఆర్ 22 మెషీన్ చౌకగా వస్తోందని కొనకండి. ఆర్ 404ఏ అని ఇంకో గ్యాస్ ఉంది, అది ఓజోన్‌ని ముట్టుకోదు గానీ, ఒక కిలో గాల్లోకి వదిలితే దాదాపు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత. ఆ కొబ్బరి కత్తి కుర్రాడి నాలుగు కిలోలూ లెక్కేసుకోండి. అలాంటి గ్యాస్‌లనీ తగ్గించాలని ఆ మాంట్రియల్ ఒప్పందానికి కిగాలీ సవరణ ఒకటొచ్చింది, 2021లో మన దేశం కూడా ఒప్పుకుంది. ఇప్పుడు ప్రొపేన్ మెషీన్లు వస్తున్నాయి, మంచివే, కానీ అది మండే గ్యాస్, దాని కోసం తయారుచేసిన మెషీన్‌లోనే ఉండాలి. పాత ఆర్ 22 దాంట్లో ఇది కొట్టేస్తా చౌకలో అయిపోద్ది అని ఎవడైనా అంటే, మీ కిచెన్‌లో పొయ్యిలున్నాయని గుర్తుపెట్టుకుని పంపించెయ్యండి.

అవుట్‌డోర్ యూనిట్. హమాలీ మూట దించే చోటు అన్నా కదా. ఆ చోట గోతాలు అడ్డం పడేస్తే ఎక్కడ దించుతాడు? ఒకాయన తందూరి పొయ్యి గొట్టం పక్కనే పెట్టించాడు యూనిట్‌ని, జాగా లేదంట. ఆ నూనె పొగ అంతా కాయిల్‌కుండే పల్చటి రేకు రెక్కల్లోకి పోయి దాని మీద దుమ్ము పడి కంబళిలా తయారైంది, చేత్తో పీకితే పట్టీలు పట్టీలుగా ఊడొచ్చింది. ప్రెషర్ పెరిగితే మెషీన్‌ని ఆపేసే హై ప్రెషర్ కటాఫ్ పడి రోజూ ట్రిప్, అతగాడు రీసెట్ బటన్ నొక్కడానికే ఒక మనిషిని పెట్టాడు, నిజం. నెలకోసారి మెయిన్ ఆపేసి మెత్తటి బ్రష్‌తో రెక్కల వెంట దులిపి, సబ్బు నీళ్ళతో లోపల్నుంచి బయటికి కడగాలి, ప్రెషర్ వాషర్‌తో దగ్గర్నుంచి కొడితే రెక్కలు పడుకుంటాయి. పైన నీడ వెయ్యండి, కానీ రేకు మరీ నెత్తి మీదకి వేస్తే వేడి గాలి మళ్ళీ తిరిగి అదే పీల్చుద్ది.

తలుపు రబ్బరు కూడా ఇట్లాగే, పదంటే పది రూపాయల నోటుతో అయిపోయే టెస్ట్. నోటు రబ్బరు మధ్య పెట్టి తలుపు వేసి లాగండి, పట్టుకోవాలి. ఊరికే జారి వచ్చేస్తే అక్కడ గాలి పోతోంది. నాలుగు వైపులా చూడండి, ముఖ్యంగా కింద, ట్రాలీ తగిలి చిరిగేది అక్కడే.

ఒక్కటి మాత్రం సరదాగా చెప్పలేను. లోపల్నుంచి తలుపు తెరుచుకునే నాబ్ ఉంటది, తలుపుకి తాళం వేసినా లోపల్నుంచి తెరుచుకోవాలి. చాలాచోట్ల అది విరిగిపోయి ఉంటది, లేదా ఐస్ కట్టి తిరగదు, లేదా దాని ముందే పెట్టెలు ఉంటాయి. వారానికోసారి మీరే లోపలికెళ్ళి, బయట ఒక మనిషిని పెట్టుకుని, తలుపు వేసుకుని తెరిచి చూడండి. ఫ్రీజర్‌కి గోడలో ఒక చిన్న గాలి వాల్వ్ కూడా ఉంటది, తలుపు వేశాక లోపలికొచ్చిన వేడి గాలి చల్లబడి కుంచించుకుపోద్ది, అప్పుడు బయట గాలి తలుపుని నొక్కిపెడ్తది, అందుకే మూసిన వెంటనే మళ్ళీ తియ్యాలంటే రాదు. ఆ వాల్వ్ దాన్ని సరిచేస్తది. ఐస్ కట్టి మూసుకుపోతే తలుపు గుంజి గుంజి హ్యాండిల్ ఊడదీస్తారు.

ఇక మీరు అడగండి.

(ఒకాయన: కరెంటు పోతే ఎంతసేపు ఆగుద్దండీ?)

తలుపు తియ్యకపోతే నిండుగా ఉన్న ఫ్రీజర్ చాలా గంటలు ఆగుద్ది, ఆ సరుకే ఒక ఐస్ దిమ్మ కదా. ఖాళీగా ఉంటేనే తొందరగా పోద్ది. కరెంటు రాగానే గబుక్కున ఆన్ అవ్వకుండా మూడు నిమిషాల టైమ్ డిలే పెట్టించండి, త్రీ ఫేజ్ అయితే ఒక ఫేజ్ పోతే ఆపేసే ప్రివెంటర్ కూడా. మోటార్ కాలిన కంప్రెసర్ ఖర్చు ముందు అది ఎంత.

(ఇంకొకాయన: అరటిపళ్ళు నల్లబడిపోతున్నాయండీ చిల్లర్‌లో.)

అరటికి 13 లోపు చలి పడదండీ, తొక్క నల్లబడ్తది. టమాటా కూడా పది పైనే, చల్లబడితే రుచి పోద్ది. మెషీన్ తప్పేం లేదు, వాటిని బయట నీడలో పెట్టుకోండి.

(కర్రీ పాయింట్ నడిపే ఒకావిడ: అన్నా, సెకండ్ హ్యాండ్ కోల్డ్ రూమ్ ఒకటి వస్తోంది, తీసుకోవచ్చా?)

మెషీన్ తర్వాత చూద్దాం అమ్మా, ముందు ప్యానెల్స్ చూడు. విప్పి పెట్టి ఉంటాయి కదా, ఒక ప్యానెల్ ఇద్దరి చేత ఎత్తించు. మందం చిల్లర్‌కి 60 ఎంఎం, ఫ్రీజర్‌కి 100 ఎంఎం అయినా ఉండాలి, అది ఇద్దరికీ సులువుగా లేవాలి. బరువుగా ఉండి మూల నుంచి నీళ్ళు కారితే లోపల నింపిన పఫ్, అంటే వేడిని ఆపే ఫోమ్, నీళ్ళు తాగేసింది, ఇక ఎండదు, ఎంత మెషీన్ పెట్టినా గోడ బయట చెమట పడ్తానే ఉంటది. అంచుల్లో ప్యానెల్స్‌ని ఒకదానికొకటి బిగించే కామ్ లాక్‌లు కీ పెట్టి తిప్పి చూడు, తిరగకపోతే సందులు పడతాయి. తలుపు ఫ్రేమ్ వంకర పోయిందేమో నూలు దారం పట్టి చూడు. ఇవన్నీ బాగుంటే అప్పుడు మెషీన్ మీద ప్లేట్ ఉంటది, ఏ గ్యాసో రాసి ఉంటది, దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి నాకు పంపు. ఆర్ 22 అయితే ప్యానెల్స్ వరకే బేరమాడు, మెషీన్ వాళ్ళనే ఉంచుకోమను.